రాచబిడ్డకు రక్ష

గడచిన వేసవి సెలవులలో మా చెల్లెలి కుమారుడు బెంగుళూరినుండి గుమ్మఘట్టకు వచ్చి మా యింట పదునైదు దినములుండెను. వానికి పదునాఱేండ్లు. మా సీమ వేసవి యెట్టిదో అనంతపురపు మెట్టభూముల నెఱిగినవారికి చెప్పనక్కఱలేదు. సంవత్సరమునకు సగటున అఱువది సెంటీమీటర్లైనను వాన కురియని చోటిది. వేదవతీనది మాకు సమీపముననే యున్నది. మేము దానిని హగరి యందుము. ఇసుకను చూపినంత తఱచుగా అది మాకు నీటిని చూపదు. అట్టి యెండలలో మధ్యాహ్నమున పిల్లలకు వీధిలో పని యుండదు. కావున వాడును, ఇరుగుపొరుగు బాలురిద్దఱును, పండ్రెండేండ్ల మా అమ్మాయియు నడవలో చాప పఱచుకొని, ఇరువది ముఖములు గల పాచిక నొకదానిని దొర్లించుచు, కాగితములపై లెక్కలు వ్రాసికొనుచు, ప్రొద్దు వాలువఱకు కూర్చుండెడివారు.

నేను మొదట జూదమేమో యని శంకించితిని. ఇరువదేండ్లు బడిలో పనిచేసినవానికి శంక స్వభావమైపోవును. అడిగి తెలిసికొనగా అది జూదము కాదు. ఒకడు కథను నడుపును. తక్కినవారు తలకొక వేషము ధరించి ఆ కథలో తమకు తోచినట్లు మెలగుదురు. తలపెట్టిన పని ఫలించినదో లేదో పాచిక తేల్చును. మన వీధిభాగవతమునకును పచ్చీసునకును పెండ్లి చేసినట్లున్నది. 1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర అచ్చొత్తించిన ఆటయే నేడు లోకమంతట వ్యాపించిన ఈ వినోదమునకు మూలము.

ఆనాటి కథ యిది. శత్రువులు చుట్టుముట్టిన చిన్న రాజ్యము. రాజునకు ఏడు నెలల కొడుకు. ఆ శిశువు బ్రదికిననే వంశము నిలుచును. రక్షకై మాయవస్తువు నొకదానిని కొనవలెను. కోశములో ఒక్కదానికి మించి ధనము లేదు. అంగడిలో నాలుగు వస్తువులున్నవి. దెబ్బలను కొంత తప్పించు ఉంగరమొకటి; విషము నంటనీయని పతకమొకటి; మంత్రదృష్టితో వెదకువారికి జాడ దొరకనీయని తాయెత్తొకటి; ఏ వ్యాధియు సోకనీయని పతకము మఱియొకటి. యోధుని వేషము వేసిన బాలుడు ఉంగరమే కావలెననెను. మంత్రి వేషమువాడు విషమునకు విఱుగుడే ముఖ్యమనెను. మాంత్రికురాలి వేషము వేసిన మా అమ్మాయి బిడ్డను దాచుటయే మేలనెను. నాల్గవదానిని ఎవ్వరును కోరలేదు. రాచబిడ్డ జ్వరముతో పోవుట కథలో రుచింపదు గాబోలు.

తగవు తీఱక మా మేనల్లుడు నావైపు తిరిగి, "మామా, నీవు సంస్కృతము చదివినవాడవు గదా! మన పుస్తకములలో రాచబిడ్డలకు ఏమి కట్టెడివారు?" అని అడిగెను.

నాకు నవ్వు వచ్చెను. గృహస్థులు చదువుకొను పత్రికలో ఈ పిల్లలయాట ప్రసంగమేల యని చదువరులును నవ్వవచ్చును. కాని ఆ ప్రశ్న నన్ను రెండు దినములు విడువలేదు. ఏల విడువలేదో చెప్పుటకే ఈ వ్యాసము.

వానికి మొదట శాకుంతలము చెప్పితిని. కందుకూరి వీరేశలింగముగారు తెనిగించినందున సంస్కృతము రానివారికి కూడ ఆ నాటకము పరిచితమే. సప్తమాంకమున సర్వదమనుడను బాలుడు సింహపుపిల్లతో పెనగులాడుచుండును. పిమ్మట భరతుడైనవాడు వీడే. వాని మణికట్టున అపరాజిత యను ఓషధి గల రక్ష యొకటి యుండెడిది. జాతకర్మ సమయమున మారీచ మహర్షి యిచ్చిన దది. నేలబడినచో దానిని తల్లిదండ్రులును ఆ బాలుడును తప్ప మఱియెవ్వరును తీయరాదు. తీసినచో పామై కఱచును. దుష్యంతుడు ఈ సంగతి యెఱుగక తీసెను. అది పాము కాలేదు. అతడు బాలునకు తండ్రియని తాపసస్త్రీలకు అట్లు తెలిసినది.

పిల్లలు మిక్కిలి సంతోషించిరి. వారి నియమపుస్తకములో కూడ కొన్ని వస్తువులు ధరించువానితో పొత్తు కలిసిననే గాని పనిచేయవట. అట్టివి ఒకనికి మూడింటికి మించి కూడవట. కాళిదాసునకును ఆ పుస్తకమునకును ఇంత దగ్గఱ చుట్టఱికము నేను ఎదురుచూడలేదు. కాని చెప్పుచుండగా నాకే ఒక విషయము తట్టినది. ఆ రక్ష నేలబడినదెప్పుడు? సింహపుపిల్లతో పెనగులాటలో. అనగా, బిడ్డకు అపాయము ఎదుట నున్నపుడు ఆ రక్ష వాని చేతనే లేదు! అది తండ్రిని గుర్తుపట్టినది, కుటుంబమును కలిపినది, సింహమునుండి మాత్రము కాపాడలేదు.

పిదప పరీక్షిత్తు కథ చెప్పితిని. గర్భముననే చావు తప్పించుకొని పాండవ వంశమునకు ఏకైక వారసుడైనవాడు. శాపవశమున ఏడవనాడు తక్షకునిచే మరణింపవలసి వచ్చినపుడు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, ఓషధులను, వైద్యులను, మంత్రసిద్ధులను చుట్టును నిలుపుకొనెను. ఆ కావలిలో ఈగకును సందు లేదు. తక్షకుడు పండులో పురుగై లోనికి వచ్చెను. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించునది పురుగు కాదు. కాశ్యపుడను విషవైద్యుడు రాజును బ్రదికింపవలెనని బయలుదేఱి వచ్చుచుండెను. తక్షకుడు కాల్చిన మఱ్ఱిచెట్టును తిరిగి చిగురింపజేసిన సమర్థుడు. తక్షకుడు అతనికి ధనమిచ్చి దారిలోనుండియే మరలించెను. మేడ చుట్టును కావలి యున్నది. వైద్యుడు వచ్చుదారికి కావలి లేదు.

"కథలు కావు మామా, నిజముగా ఏమి చేసెడివారు?" అని మంత్రి వేషమువాడు అడిగెను. అందుకు కౌటిల్యుని చెప్పితిని. ఆయన అర్థశాస్త్రము మైసూరులో ఆర్. శామశాస్త్రిగారి చేతబడి 1909లో అచ్చైనది. రాజగృహమున పాములు చేరకుండుటకు జీవంతి మొదలగు మొక్కలను పెంచుమనియు, నెమలియు ముంగిసయు పాములను రూపుమాపుననియు, చిలుకయు గోరువంకయు పాము విషమును శంకించినచో అఱచుననియు, విషమును చూచినచో చకోరపు కన్నులు రంగు మాఱుననియు అందున్నది. వీనిలో ఏవి నిజమో ఏవి కావో అట్లుండనిండు. ఆయన పద్ధతిని చూడుడు: ప్రతి రక్షకును ఎదురుగా ఒక్కొక్క అపాయమును పేరుపెట్టి నిలిపెను. చరకుడును శిశువునకు బ్రదికియున్న ఖడ్గమృగము, వృషభము మొదలగువాని కుడికొమ్ము కొనలను, ఓషధులను కట్టుమనెను. కాని ఆ మాటకు ముందుగనే చెమటయు మురికియు పురుగులును గల పడకబట్టలను పాఱవేయుమనియు, వేఱు లేనిచో వానినే ఉతికి, ధూపము వేసి, బాగుగా ఆఱిన పిమ్మట వాడుమనియు చెప్పెను. మనవారు కొమ్మును జ్ఞాపకముంచుకొని ఉతుకుటను మఱచిరి.

ఇంతవఱకు నేను ఉపాధ్యాయుడనై మాటలాడితిని. వంటయింటి గడపకడ కూర్చుండి వినుచుండిన మా అమ్మ అప్పుడు లేచి, ఏమియు ననక లోనికి పోయెను. ఎందులకు పోయెనో పిల్లలకు తెలియదు. నాకు తెలియును.

నాకు ఒక తమ్ముడున్నాడు. 1980వ దశకపు తొలినాళ్ళలో వాడు ఏడాది పసివాడు, నాకు అయిదేండ్లు. వానికి ముందు పుట్టిన బిడ్డ యొకడు పురిటిలోనే పోయినందున, మా యింట వాడు నిజముగా రాచబిడ్డయే. మొలతాటికి వెండి గొట్టముతో తాయెత్తు, మెడలో పులిగోరు, బుగ్గపై దిష్టిచుక్క. తాయెత్తు కట్టినవాడు మండలము దినములు బిడ్డను ఊరి పొలిమేర దాటింపరాదని నియమము పెట్టెను. ఆ నలువది దినములలోనే పొరుగూరిలో పసిపిల్లలకు చుక్కలమందు వేయుచున్నారని కబురు వచ్చినది. మా వీధినుండి ఇద్దఱు తల్లులు పోయిరి. మా అమ్మ పోలేదు. "నా బిడ్డకు రక్ష యున్నది, పొలిమేర దాటితే రక్ష చెడును" అని ఆమె చెప్పినది నాకు లీలగా జ్ఞాపకమున్నది.

వానలు పడిన కొన్ని వారములకు తమ్మునికి జ్వరము వచ్చెను. మూడవనాడు జ్వరము తగ్గెను. కుడికాలు మాత్రము కదలలేదు. అది పోలియో. తాయెత్తు మొలతాటికి చెక్కుచెదరక యుండెను.

ఒక్కసారి చుక్కలు వేయించినంతనే వాని కాలు నిశ్చయముగా దక్కెడిదని నేను చెప్పజాలను. అది పలుమాఱులు వేయవలసిన మందు. కాని మందునకు పోవు దారిని మూసినది ఆ తాయెత్తే. ఇంకొక సంగతి నేను పెద్దవాడనైన పిమ్మట చదివి తెలిసికొంటిని. ఆ వ్యాధి మలముచే చెడిన నీటివలనను, చేతులవలనను ప్రాకును. అది సోకిన పిల్లలలో అధిక సంఖ్యాకులకు ఏ లక్షణమును కనబడదు. ఇన్నూఱుమందిలో సుమారు ఒక్కరికి మాత్రమే కాలో చేయో పడిపోవును. అనగా మా తమ్మునికి దానిని తెచ్చిన శిశువు ఎవరో గాని, ఆరోగ్యముగా నవ్వుచు మా వాకిటనే ఆడుకొనియుండవచ్చును. శత్రువని యెవరిని వెలివేయవలెను? పులిగోరు ఎవరిని బెదరింపవలెను? మా వాని రక్ష మా వాని మొలకు మాత్రమే కట్టియుండెను. వ్యాధి వీధియందు తిరుగుచుండెను.

ఆ రాత్రి నాకు మైసూరు రాజకుటుంబపు చిత్రపటమొకటి జ్ఞాపకము వచ్చెను. మా గుమ్మఘట్టకు పడమట కన్నడసీమ; ఆ సీమ సంగతులు మాకు పరాయివి కావు. 1799లో అయిదేండ్ల బాలుడైన మూడవ కృష్ణరాజ ఒడయరును సింహాసనముపై కూర్చుండబెట్టిరి. ఆ కాలమున రాచబిడ్డలను మ్రింగుచుండిన శత్రువు కత్తికాదు, విషముకాదు, మశూచి. ఇంగ్లాండులో ఎడ్వర్డ్ జెన్నరు 1796లో కనిపెట్టిన టీకా 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల పిల్లకు వేయబడి మన దేశమున మొదటిసారి ఫలించినది. 1805లో కృష్ణరాజునకు దేవాజమ్మణ్ణి రాణియై వచ్చెను. ఆమె టీకా వేయించుకొనెను. ఆ కాలముననే థామస్ హికీ అను చిత్రకారుడు మువ్వురు రాచస్త్రీలను చిత్రించెను. అందొకతె చీర తొలగించి, వ్రేలితో తన భుజమును చూపుచున్నది. అది టీకా వేసిన చోటనియు, ప్రజలకు ధైర్యము చెప్పుటకే ఆ చిత్రము వ్రాయబడినదనియు చరిత్రకారుడు నైజెల్ ఛాన్సలర్ అభిప్రాయము.

ఆ దినములలో టీకామందును సీసాలలో దాచు ఉపాయము లేదు. ఒక పిల్ల చేతిపై లేచిన పొక్కునుండి వారము దినములకు రసము తీసి మఱియొక పిల్లకు, ఆమె చేతినుండి వేఱొకరికి, అట్లు వరుస తెగకుండ తెచ్చెడివారు. కావున ఆ రాణి భుజముపై పడిన చిన్న గాటునకు ముందు, పేరు తెలియని పసిపిల్లల చేతులు ఎన్నో నిలిచియుండెను. వారి సమ్మతి నడిగినవారు లేరు. వారికి కృతజ్ఞత చెప్పినవారును లేరు. రాజగృహము సంపాదించిన రక్షలలో నిజముగా పనిచేసిన ఈ రక్ష ఏ అంగడిలోనిది కాదు, ఏ ఋషి యిచ్చినది కాదు. పేదబిడ్డల దేహములగుండ నడచి వచ్చినది. అది ఊరిలో ఎందఱికి వ్యాపించునో అంత బలపడును. మన దేశమున 1975తో మశూచి అంతరించినది. 1980లో లోకమునుండియే పోయినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. పోలియో సోకిన కడపటి బిడ్డ మనకు 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చి 27వ తేదీన ఆ వ్యాధి మన దేశమును విడిచినట్లు ధ్రువపఱచిరి. రాజకుమారునకని వేఱుగా ఒక చుక్క లేదు. గుడిసెలోని బిడ్డ నోట పడిన చుక్కయే మేడలోని బిడ్డకును కావలియైనది.

ఇక నా తప్పును కూడ చెప్పవలెను. 2013లో నాకు కూతురు పుట్టినపుడు మా అమ్మ పదునొకండవనాడు తాయెత్తు తెచ్చెను. నేను మండిపడితిని. "తమ్ముని కాలు చూచియు బుద్ధి రాలేదా?" అంటిని. సంస్కారము పేర నేను పలికిన మాటలలో అంత క్రూరమైనది మఱియొకటి లేదు. ఆమె ఏడ్వలేదు. తాయెత్తును కొంగున ముడివేసికొని లోనికి పోయెను.

నాల్గుదినములకు రాయదుర్గమునుండి తమ్ముడు వచ్చెను. వాడు అక్కడ బట్టలు కుట్టు పనిలో నున్నాడు. జరిగినది విని నాతో, "అన్నా, నా కాలు నీ వాదమునకు సాక్ష్యము కాదు. అమ్మ నన్ను ముప్పది యేండ్లు మోసినది. నీవు ఒక్కమాటతో ఆమెను దోషిని చేసితివి" అనెను. నాకు తల యెత్తుటకు ముఖము చాలలేదు. ఆ సాయంకాలమే అమ్మను క్షమింపుమని వేడితిని. ఆమె అన్నమాట యిది: "నాయనా, నేను కట్టినది తప్పని ఇప్పటికిని అనుకొనను. ఏ తల్లికైనను చేతులు ఊరకుండవు. అది చాలునని కూర్చుంటిని చూడు, అది తప్పు." మఱునాటినుండి మా అమ్మాయికి వేయవలసిన టీకాల తేదీలన్నియు ఆమెకే కంఠస్థము. చదువురాని ఆమె ప్రతిసారియు తానే బిడ్డను ఎత్తుకొని పోయి, సూది వేయించి వచ్చిన పిమ్మటనే తాయెత్తును మొలతాటికి కట్టెడిది. వీధిలోని పసిబిడ్డల తల్లులను కూడ వెంటబెట్టుకొని పోయెడిది. ఆమె చేసినంత సంస్కరణ నా ఉపన్యాసములు చేయలేదు.

మఱునాడు మధ్యాహ్నము పిల్లలు మరల చాప పఱచినపుడు నేనును కూర్చుంటిని. "మీరు వస్తువులను చూచుచున్నారు గాని అపాయములను విచారింపలేదు. ఆ రాజ్యములో పసిబిడ్డలు దేనివలన చచ్చుచున్నారు?" అని అడిగితిని. మా మేనల్లుడు తన కాగితములు త్రిప్పి, కోట క్రింది పేటలో రెండు నెలలుగా విషజ్వరము వ్యాపించుచున్నదని తాను ముందే వ్రాసియుంచితిననియు, ఎవ్వరును అడుగలేదనియు చెప్పెను.

మా అమ్మాయి, "బావా, రాకుమారునకు పాలిచ్చు దాదికి బిడ్డలున్నారా?" అనెను.

"ఇద్దఱున్నారు. పేటలోనే యుందురు."

"అట్లైన పతకము వీనికి కట్టినను దాదికి జ్వరము రాకుండునా? ఆ ధనముతో పేట బావిని బాగుచేయింతము."

"నియమపుస్తకములో బావికి వెల లేదు" అని వాడు గొణిగెను. "లేకున్న నీవే వ్రాసికొనుము" అంటిని. యోధుని వేషమువాడు మాత్రము ఒప్పుకొనలేదు. శత్రువు కత్తితో వచ్చినపుడు బావి అడ్డము వచ్చునా యని అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. బావి కత్తికి విఱుగుడు కాదు, ఉంగరము జ్వరమునకు కాదు. సాయంకాలము వఱకు వాదించి, బావికే ధనమిచ్చి, రాజు ముసలి కాపలాదారును బిడ్డ గదివాకిట పరుండునట్లు ఒప్పించిరి. అది తెలివైన నిర్ణయమో కాదో పాచిక చెప్పవలసియున్నది.

చదువరులారా, రాజులు పోయిరి. కాని ఇంటింటను తొట్లలో రాచబిడ్డలున్నారు. వారికేదైన కట్టవలెనని పెద్దల చేతులు తహతహలాడుట దోషము కాదు. ఆ చేతులను నావలె కొట్టకుడు. కాని ముడివేయుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు. ఇది ఏ అపాయమునకు విఱుగుడు? ఇది మనలను ఏ మేలునకు పోనీయక ఆపుచున్నది? ప్రక్కయింటి బిడ్డకు ఏమున్నది? ఈ మూడింటికిని ఉత్తరము దొరకిననాడు మొలతాటికి తాయెత్తు ఉండినను, లేకున్నను నాకు తగవు లేదు.